వెనక్కి చూడకుండా కొన్న ఆటో

పిచ్చుకలవలసలో పోలమ్మ ఇంటివాళ్ళకున్నంత తెలివి జిల్లాలో ఇంకెవరికీ లేదట. ఎవరన్నారంటారా? వాళ్ళే అన్నారు. పెద్దకొడుకు గవరయ్య పొద్దున్న లేస్తూనే తమ్ముడు సన్యాసిని అడుగుతాడు: "ఒరే, మనకింత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందంటావు?"

"అమ్మ దగ్గర్నుంచే అన్నా. నాన్నది నాన్నే పట్టుకుపోయాడు కదా!"

అది విని పోలమ్మ మురిసిపోతుంది. ఆవిడ రోజూ వంకాయల గంప నెత్తినెట్టుకుని టౌనులో సాయంత్రం సంతకి నడిచి వెళుతుంది. మోసీ మోసీ మెడ పట్టేసింది పాపం. "ఇంక అమ్మ నెత్తికి గంప ఎక్కకూడదు" అని కొడుకులిద్దరూ ఒట్టేసుకున్నారు. గేదెల్ని అమ్మేశారు. సరుకుల ఆటో కొనడానికి బయల్దేరారు.

వాళ్ళ మేనమామ దాలినాయుడు ట్రాక్టరు కొన్న మనిషి, లోకం తెలిసినవాడు. వీధిలో ఆపి చెప్పాడు. "ఒరే అల్లుళ్ళూ, షోరూంలో మోసపోకండి. బండి నచ్చినట్టు మొహంలో కనపడనివ్వకండి. వాడేం చెప్పినా సగానికి అడగండి. ఆనక లేచి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచొచ్చెయ్యండి. వాడే వెంటపడి తగ్గిస్తాడు."

అంతే! ఇద్దరూ మొహాలకి తువ్వాళ్ళు చుట్టేసుకుని షోరూంలోకి జొరబడ్డారు. కళ్ళు కూడా కప్పేసుకున్నారేమో, సన్యాసి పోయి గాజుతలుపుకి గుద్దుకున్నాడు. గవరయ్య తడుముకుంటూ పోయి అక్కడ బళ్ళు అమ్మే జగ్గారావు ముక్కు పట్టుకుని "ఈ హారన్ బాగుంది" అన్నాడు.

"అయ్యో, ఏమైందండీ? దెబ్బలేవైనా తగిలాయా?" అన్నాడు జగ్గారావు ముక్కు విడిపించుకుని.

"అబ్బే! బండి మాకు తెగ నచ్చేసింది. అది మీకు కనపడకుండా మొహాలు దాచుకున్నాం" అన్నాడు సన్యాసి.

ఇంకేముంది! జగ్గారావు లోపల్లోపల గెంతులేశాడు. ధర మీద ఇంకో ధర ఎక్కించాడు. "కూర్చోండి బాబూ, రెండు టీలు తెప్పిస్తాను."

"ఒకటి చాలు!" అన్నాడు గవరయ్య గట్టిగా.

"బండి మూడు లక్షల అరవై వేలండి."

"లక్షా ఎనభై!"

"అలాగంటే ఎలాగండీ? రెండేళ్ళ వారంటీ ఇస్తున్నాం."

"ఏడాది చాలు!"

"మూడు చక్రాలూ గట్టివండి."

"ఒకటిన్నర చాలు!" అన్నాడు సన్యాసి. అన్నగారు వాడి వీపు తట్టాడు.

జగ్గారావుకి తల తిరిగింది. నీళ్ళు తాగి వచ్చి, "పోనీ, స్టెప్నీ టైరు ఊరికే ఇస్తాను, సరేనా?" అన్నాడు.

"సగం కోసివ్వండి!" అంటూ ఇద్దరూ లేచారు. లేచి, టౌను దాటి, పొలాల మధ్య బాట పట్టి నడుచుకుంటూ పోతున్నారు. ఆ నెలలో జగ్గారావు ఒక్క బండి కూడా అమ్మలేదు. ఈ బేరం పోతే ఉద్యోగం పోతుంది. వాడు గాభరాగా కాగితాలు చంకన పెట్టుకుని ఆ ఆటోనే ఎక్కి వెంటపడ్డాడు.

"బాబూ, ఇరవై వేలు తగ్గించాను!" ఇద్దరూ చూడలేదు. "నలభై!" చూడలేదు. "బండికి పూలదండల అలంకారం ఖర్చు కూడా తీసేశాను! నా దేవుడు కదూ, ఒక్కసారి తిరగండి!"

"అన్నా, మెడ దురదగా ఉంది, కొంచెం తిప్పనా?" అన్నాడు సన్యాసి.

"తిప్పావంటే అమ్మ మెడ నలిగిపోతుంది, జాగ్రత్త!"

అలా ఊరేగింపుగా ఇంటికొచ్చేశారు. దాలినాయుడు ఎదురొచ్చి జగ్గారావు చెప్పిన చివరి ధర విన్నాడు. "ఇది న్యాయమైన ధరరా. ఇంక చాలు, ఇచ్చెయ్యండి" అన్నాడు. పోలమ్మ బియ్యం డబ్బాలోంచి గేదెలమ్మిన డబ్బు తీసిచ్చింది. కాగితాల మీద సంతకాలు అయ్యాయి. పూజకి మూడు చక్రాల కిందా మూడు నిమ్మకాయలు పెట్టబోతే "ఒకటిన్నర చాలు" అన్నాడు సన్యాసి. వాణ్ణి పక్కకి నెట్టి మూడూ తొక్కించారు.

పోలమ్మ బండిని నిమిరి నిమిరి కళ్ళు తుడుచుకుంది. గంపలు ఎక్కించబోయింది కూడా.

"ఆగమ్మా, ముందు ఈ బాబుని షోరూం దగ్గర దింపేసి వచ్చేస్తాం. ఆనక ఎక్కిద్దాం" అన్నాడు గవరయ్య. వాడికి ఆటో నడపడం వచ్చులెండి, దాంట్లో మాత్రం వంక పెట్టడానికి లేదు.

షోరూం ముందు బండి ఆగింది. జగ్గారావు దిగి దణ్ణం పెట్టాడు. షోరూం చూడగానే గవరయ్యకి మేనమామ మాట గుర్తొచ్చింది. "తమ్ముడూ, షోరూం వచ్చింది. లే!"

అంతే! ఇద్దరూ లేచారు. దిగారు. నడక మొదలెట్టారు.

"బాబూ! బండి! మీ బండి వదిలేశారు!" జగ్గారావు గొంతు చించుకున్నాడు.

"విన్నావా అన్నా, మళ్ళీ వెంటపడుతున్నాడు!"

"చూడకు, చూడకు! బాగా తగ్గేదాకా చూడకు!" జగ్గారావు రొప్పుతూ టౌను చివరిదాకా పరిగెత్తి, అక్కడే చతికిలపడ్డాడు.

ఇంటి దగ్గర పోలమ్మ గంపల్లో వంకాయలు నింపి వాకిట్లో నిలబడి ఉంది. "బండేదిరా?"

"షోరూంలోనే ఉందమ్మా. వాడు ఒకటే కేకలు, మేం వెనక్కి చూస్తేగా! రేపటికల్లా ఊరికే ఇచ్చేస్తాడు" అన్నాడు గవరయ్య రొమ్ము విరుచుకుని.

"నా తండ్రే! ఇంత తెలివి ఎవరి కడుపున పుడుతుంది!" అని పోలమ్మ ఇద్దరికీ దిష్టి తీసింది. తీసి, సంతకి వేళైపోతోందని గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది.