నిమ్మకాయ తొక్కిన రథం

అనగా అనగా, గుర్రాలకు మాటలొచ్చి కూడా అవసరమైతే తప్ప నోరు విప్పని కాలంలో, కలువకొండ అనే పట్టణం ఉండేది. ఆ పట్టణంలో మకరందుడనే అత్తరు వర్తకుడు ఉండేవాడు. చాలా మంచివాడు. భార్య తరళ అంటే అతనికి ప్రాణం. గోరువంక అనే గోధుమరంగు ఆడగుర్రం ఇంకో ప్రాణం. ఉన్న రెండు ప్రాణాలూ చాలవన్నట్టు పందెపు రథాలంటే మూడో ప్రాణం. చిక్కంతా ఈ మూడోదానితోనే వచ్చింది.

కలువకొండలో ఒక ఆచారం ఉండేది. కొత్త రథం అంగడి గడప దాటేటప్పుడు రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. దాంతో దిష్టి పోతుందని వాళ్ల నమ్మకం. దిష్టితో పాటు ఇంకొకటి కూడా పోతుందని మకరందుడికి తెలియదు, పాపం.

ఒక ఉగాదికి అతను రథాల వర్తకుడు కుప్పయ్య దగ్గర వెయ్యి వరహాలు పోసి 'రాజహంస' అనే రథం కొన్నాడు. నిమ్మకాయలు తొక్కించి, తరళను ఎక్కించుకుని, గోరువంక లాగుతుంటే ఊరంతా తిరిగాడు. ఇంటికి రాగానే దాని మీద పట్టుగుడ్డ కప్పాడు. వీధి పిల్లలు ముట్టుకోబోతే "దూరం, దూరం!" అని అరిచాడు. మూడుపూటలా దాన్ని తుడవడమే పని. తన మొహం కూడా అంత శ్రద్ధగా ఏనాడూ తుడుచుకుని ఉండడు.

మూడు నెలలైనా కాలేదు, కుప్పయ్య అంగడికి 'డేగ' అనే రథం వచ్చింది. దానికి సన్నని చక్రాలు, ఎర్రని పరుపు. అది చూసిన దగ్గర్నుంచి మకరందుడికి అన్నం సహించలేదు. రాజహంసను చింతపండుతో తోమించి, తళతళ మెరిపించి అంగడికి తీసుకెళ్లాడు.

కుప్పయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"కంటికి రెప్పలా చూసుకున్నావు నాయనా! ఆరువందలు ఇస్తాను."

"ఆరువందలా! మొన్ననే కదండీ వెయ్యి పోసి కొన్నాను. ఒక్క గీతైనా ఉందేమో చూపించండి!"

"గీత లేదు. కానీ నిమ్మకాయ తొక్కింది కదా."

"తొక్కితే ఏమవుతుంది?"

"తొక్కకముందు అది కొత్త రథం. తొక్కాక మకరందుడి రథం. కొత్త రథం కావాలని పదిమంది వస్తారు. మకరందుడి రథమే కావాలని ఎవరొస్తారు చెప్పు?"

కుప్పయ్య అబద్ధమేమీ చెప్పలేదు. ఆ మాట మూడు నెలల ముందే చెప్పి ఉంటే బాగుండేది. కానీ అడగకుండా చెప్పే వర్తకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మకరందుడు ఏడాదికి సరిపడా దాచుకున్న అత్తరంతా అమ్మి, మిగతా డబ్బు కట్టి డేగను ఇంటికి తెచ్చాడు.

దసరాకి 'మెరుపు' వచ్చింది. మళ్లీ చింతపండు, మళ్లీ మూడు చుట్లు, మళ్లీ అదే మాట. ఈసారి అత్తరు తీసే రాగి బానలు అమ్ముడైపోయాయి. తరళ ఖాళీ పొయ్యి వంక చూసి నిట్టూర్చింది. 

మాఘమాసంలో 'సుడిగాలి' దిగింది. దాని వెల రెండువేల వరహాలు. మకరందుడి దగ్గర అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. కుప్పయ్య కళ్లు గోరువంక మీద పడ్డాయి.

"మెరుపుకి పదకొండు వందలు, ఈ గుర్రానికి తొమ్మిది వందలు. సరిగ్గా సరిపోతుంది. రేపు తీసుకురా."

మకరందుడు తలూపి ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. తరళ చేతిలో చేట అలాగే ఆగిపోయింది.

"గోరువంకను ఇచ్చేస్తారా? మరి ఆ సుడిగాలిని ఎవరు లాగుతారండీ, మీరా నేనా?"

మకరందుడికి ఆ సంగతే తట్టలేదు. పందెపు రథం పిచ్చి అంటే అలాగే ఉంటుంది మరి. "అది తర్వాత చూద్దాంలే" అన్నాడు గానీ, గోరువంక కళ్లలోకి మాత్రం చూడలేకపోయాడు. గోరువంక ఆ పూట ఉలవలు ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మెరుపును తీసుకుని ముగ్గురూ అంగడికి వెళ్లారు. తరళ కళ్లు తుడుచుకుంటూనే ఉంది. మకరందుడు పగ్గం కుప్పయ్య చేతికి ఇవ్వబోతుండగా గోరువంక నోరు విప్పింది.

"కుప్పయ్యగారూ, వెళ్లేముందు మూడు మాటలు అడగవచ్చా? నాకు తొమ్మిది వందలు ఎందుకు కట్టారు?"

"నీలాంటి గుర్రం ఈ పట్టణంలో లేదు తల్లీ."

గోరువంక మకరందుడి వైపు తిరిగింది. "నన్నెంతకు కొన్నావయ్యా?"

"ఇరవై వరహాలకు" అన్నాడు మకరందుడు మెల్లగా. "కుంటిపిల్లవని ఎవరూ కొనలేదు. నేనే కాలికి కట్టు కట్టి, చేత్తో మేత పెట్టి పెంచాను."

"ఏడేళ్లు ఎండలో వానలో నన్ను తిప్పావు. నా వెల పెరిగింది. పట్టుగుడ్డ కప్పి దాచిన రథాల వెల మాత్రం పడిపోయింది." ఆ మాట అని మళ్లీ కుప్పయ్యను అడిగింది. "ఈ సుడిగాలి నిమ్మకాయలు తొక్కి, వీధి చివరిదాకా వెళ్లి తిరిగొస్తే మీరెంతకు కొంటారు?"

కుప్పయ్య తల గోక్కున్నాడు. "పదిహేను వందలకు."

"వీధి చివరిదాకా వెళ్లొస్తే అయిదు వందలు పోతాయా!" అని తరళ గుండెలు బాదుకుంది.

"ఇక మూడో మాట. ఇన్ని రథాలున్నాయి కదా, మీరు ఇంటికి ఏ రథంలో వెళ్తారు?"

కుప్పయ్య చూపు వెనక్కి మళ్లింది. అంగడి వెనక, రంగు వెలిసిన పన్నెండేళ్ల నాటి రథం ఒకటి నిలబడి ఉంది.

"అదేమిటండీ! కొత్తది ఎక్కరా?" అన్నాడు మకరందుడు.

"కొత్తది ఎక్కితే నాకు నష్టం కదయ్యా!" అనేసి కుప్పయ్య నాలుక కరుచుకున్నాడు.

ముందు తరళ నవ్వింది. తర్వాత కుప్పయ్యే నవ్వాడు. మకరందుడు మాత్రం గోరువంక మెడ పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

"నిన్ను ఇచ్చేద్దామనుకున్నాను తల్లీ. నా బుద్ధి గడ్డి తిన్నది."

"గడ్డి తింటే తప్పేమీ లేదయ్యా, నేను రోజూ తింటాను. పద, ఆకలేస్తోంది."

గోరువంక లాగుతుంటే ఇద్దరూ మెరుపులోనే ఇంటికి తిరిగొచ్చారు. మర్నాటి నుంచి దాని మీద పట్టుగుడ్డ లేదు. వీధి పిల్లలు దాని నిండా ఎక్కారు. మల్లెల గంపలు, మొగలిపూల మూటలు దాంట్లోనే వచ్చాయి. మకరందుడు మట్టికుండతో మళ్లీ అత్తరు తీయడం మొదలుపెట్టి, మూడేళ్లకు రాగి బానలు కొనుక్కున్నాడు. మెరుపుకి గీతలు పడ్డాయి, రంగు పోయింది, పరుపు చిరిగితే తరళ కుట్టింది.

చాలా ఏళ్ల తర్వాత కూడలిలో ఎవరో అడిగారు. "మకరందయ్యగారూ, ఈ రథం ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?"

"ఏమో బాబూ, నాకు తెలియదు. మల్లెలు వాడిపోతాయి, తప్పుకో" అని మకరందుడు పగ్గాలు కదిలించాడు.

కాబట్టి పిల్లలూ, కొత్తదనం వెంట పరుగెత్తేవాడు ప్రతి మలుపులోనూ నష్టపోతాడు. ఉన్నదాన్ని ప్రేమగా వాడుకునేవాడికి నష్టమే లేదు.