ముగ్గుమేర కేశవస్వామి కథ

పూర్వం నవాబుల ఏలుబడిలో మున్నేటికి మహా వరద వచ్చి, ఒడ్డునున్న కేశవస్వామి ఆలయాన్ని కూల్చి, పునాదులను మోకాటిలోతు ఇసుకలో కప్పివేసింది. ధ్వజస్తంభం ఒక్కటే మిగిలింది. భక్తులు విగ్రహాన్ని తాటాకు పందిరి కింద నిలిపి, పునర్నిర్మాణానికి సర్కారు అనుమతి వేడుకున్నారు.

విచారణకు ఇద్దరు ఖాజీలు వచ్చారు. చిన్నవాడైన సదరుద్దీన్, "పడిపోయినది పడిపోయినట్టే. మళ్ళీ కడితే కొత్త గుడి అవుతుంది, కొత్తదానికి షరీఅత్ ఒప్పుకోదు" అన్నాడు. వృద్ధుడైన బుర్హానుద్దీన్, "ఉన్నచోట ఉన్నంత నిలబెట్టుకుంటే అది మరమ్మతే. నేను చదువుకున్న ధర్మం అది" అన్నాడు. ఇద్దరూ శాస్త్రం తెలిసినవారే, ఇద్దరిదీ ఒకే గ్రంథం. చివరకు, పాత కొలత రుజువైతే అనుమతి, కాకుంటే పందిరి కూడా తీసివేయాలని ఒప్పుకున్నారు.

ఇక చూడండి మనవాళ్ళ తెలివి! సందు దొరికింది కదా అని పెదకాపు వీరభద్రయ్య గుడి ఇరవై మూరలని బొంకాడు. ఊరంతా తలూపింది. ఆ కొలత చొప్పున తవ్విస్తే ఇసుక తప్ప ఏమీ రాలేదు. అనుమతి లేదని వ్రాయడానికి సదరుద్దీన్ కలం అందుకున్నాడు.

అప్పుడు, నలభై ఏళ్ళుగా గుడి చుట్టూ ఊడ్చి ముగ్గు వేసిన పేరిందమ్మ ముందుకు వచ్చి, ధ్వజస్తంభం నుంచి అడుగులు వేసుకుంటూ వెళ్ళి, వంగి, చేతి అలవాటు కొద్దీ నాలుగు వైపులా ముగ్గుకర్ర, అంటే ముగ్గు అంచుగీత, గీసింది. చూస్తే ఒక్కో వైపు తొమ్మిది మూరలే! "నోర్ముయ్యక గీతలొకటా!" అని పెదకాపు కసిరాడు.

బుర్హానుద్దీన్ ఆ గీత వెంట తవ్వించాడు. నాలుగు వైపులా పునాదిరాళ్ళు బయటపడ్డాయి.

"లోపలి కొలత కూడా చెప్పమ్మా" అన్నాడు సదరుద్దీన్.

"లోపలి సంగతి నాకు తెలియదు దొరా, నన్నెప్పుడూ లోపలికి రానివ్వలేదు. బయటెంతో నా నడుముకు తెలుసు."

ఖాజీలిద్దరూ పెదకాపు వైపు చూశారు. అతడు సిగ్గుతో తల దించుకున్నాడు. "పేరిందమ్మ ముగ్గు మేరకు కట్టుకోవచ్చును" అని సదరుద్దీనే స్వయంగా ఫర్మానా వ్రాశాడు. ఆ మాటే ఊరిపేరై ముగ్గుమేర అయింది.

గుడి నేటికీ తొమ్మిది మూరలే. ఏటా తిరునాళ్ళ ఉదయం ముగ్గువేసిన స్త్రీ ముందుగా గర్భగుడి గడప దాటుతుంది. ఆమె బయటికి వచ్చేదాకా అర్చకులు వాకిట్లో నిలబడి ఉంటారు.