చెప్పి తెగే తాడు

హైమ పారాచూట్‌కు లైన్లు మార్చాల్సి వచ్చింది.

పైన గాలిని పట్టుకునేది గుడ్డ. కింద వేలాడేది మనిషి. ఈ రెంటినీ కలిపి ఉంచేవి చెప్పులు కుట్టే దారం కంటే కాస్త లావుగా ఉండే తాళ్లు. వాటినే లైన్లంటారు. దేవసహాయం మాస్టారు బల్ల మీద పరిచిన హైమ లైన్లను వేళ్ల మధ్య పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమారు.

"వీటి పని అయిపోయింది. కొత్తవి వేద్దాం. ఏ రకం కావాలో నువ్వే చెప్పు."

మాస్టారిది బాపట్ల. సైన్యంలో పారాట్రూపర్‌గా చేసి, ఆగ్రాలో చాలాకాలం సిపాయిలకు దూకడం నేర్పారు. రిటైరయ్యాక కృష్ణ ఒడ్డున, విమానాలు పెద్దగా రాని ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ పక్కన రేకుల షెడ్డు వేసుకుని సరదాగా వచ్చేవాళ్లకీ పట్టుదలతో వచ్చేవాళ్లకీ స్కైడైవింగ్ నేర్పుతున్నారు. పారాచూట్లు కుట్టేదీ, సరిచూసేదీ కూడా ఆయనే. మాట తక్కువ. ఎవరైనా తప్పు చేస్తే తిట్టరు. అదే పని మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. తిడితేనే బాగుండునని శిష్యులు అనుకుంటారు.

హైమ పట్టుదలతో వచ్చే రకం. కర్నూల్లో ఒక స్కూల్లో పీఈటీ టీచరు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ తరఫున మొదటిసారి దూకింది. అప్పటి నుంచి నేల మీద ఉన్న రోజులన్నీ ఆమెకు మధ్యలో వచ్చే సెలవుల్లాంటివే. శనివారం బడి వదలగానే బస్సెక్కేస్తుంది.

ఆ ఏడాది మాస్టారి దగ్గర ఎనిమిది మందితో ఒక జట్టు తయారైంది. విమానంలోంచి ఒకరి వెనక ఒకరు దూకి, గాల్లోనే ఒకరి చేతులు ఒకరు పట్టుకుని వలయం కట్టాలి. ఆ వచ్చే ఆదివారం జట్టును చూడటానికి పోటీల పరిశీలకుడు వస్తున్నాడు. వలయం సరిగ్గా కుదిరితే జాతీయ పోటీలకు పంపుతారు. తొమ్మిదో మనిషి లేడు. అందుకే ఎవరికి జలుబు చేసినా మిగతా ఏడుగురూ కషాయాలు పట్టుకుని తిరుగుతున్నారు.

హైమకు వచ్చింది జలుబు కాదు.

దసరా సెలవుల్లో ఒకసారి దిగేటప్పుడు గాలి ఎక్కువై పారాచూట్ ఆమెను నేల మీద ఈడ్చుకుపోయింది. కుడి భుజం జారి, దానంతటదే మళ్లీ కూర్చుంది. లేచి, దుమ్ము దులుపుకుని, దూరంగా నిలబడ్డవాళ్లకు బొటనవేలు చూపించింది. ఆ రాత్రి చెయ్యి కింద దిండు పెట్టుకుని పడుకుంది. తర్వాత నుంచి దూకేటప్పుడు వేసుకునే దుస్తుల లోపల గట్టిగా కట్టు కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

పారాచూట్ తెరిచే పిడి నడుము వెనక, కుడి పక్కన ఉంటుంది. ఎదురుగాలిలో చెయ్యి వెనక్కి పెట్టి దాన్ని లాగాలి. కిందటి ఆదివారం హైమ చెయ్యి అక్కడి దాకా వెళ్లలేదు. పిడి అందేసరికి ఆమె తెరవాల్సిన ఎత్తు కన్నా బాగా కిందికి వచ్చేసింది. "కాస్త ఆలస్యంగా తెరిచావేంటక్కా?" అని వలీ అడిగితే, కింద చేపల చెరువులు చూస్తూ ఉండిపోయానని నవ్వేసింది.

వలయంలో ఆమె కుడి చెయ్యి పట్టుకునేది ఆ వలీనే. నంద్యాల కుర్రాడు. వలీబాషా.

లైన్ల సంగతి తేలాలి కాబట్టి మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. హైమ నిలబడే ఉంది.

"డేక్రాన్?" అన్నారు మాస్టారు.

"లావు మాస్టారూ. సాగుతుంది. తెరుచుకునేటప్పుడు ఒంటికి కుదుపు తెలియదు, అది నిజమే. కానీ గాల్లో నత్తలా వెళ్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి బాగుంటుంది."

"స్పెక్ట్రా?"

"రాపిడి వేడికి కుంచించుకుపోతుంది. కొన్నాళ్లకి పారాచూట్ ఒక పక్కకి లాగడం మొదలెడుతుంది."

"వెక్ట్రాన్?"

"కుంచించుకుపోదు. కానీ నూగు లేస్తుంది. నాలుగు రోజులు వాడితే గొంగళిపురుగులా తయారవుతుంది. చూడ్డానికే బాగోదు."

"అయితే?"

"హెచ్ఎంఏ వేయండి." జవాబు ఎప్పటి నుంచో ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. "సన్నగా ఉంటుంది. సాగదు, కుంచించుకుపోదు. ఎంత వాడినా నున్నగా, కొత్తదానిలాగే ఉంటుంది. చివరిదాకా ఏమీ బయటపడనివ్వదు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉంది.

మాస్టారు అవుననలేదు, కాదనలేదు. లేచి షెడ్డు మూలన ఉన్న ప్లాస్టిక్ బుట్ట తెచ్చారు. పాత పారాచూట్ల నుంచి కోసేసిన లైన్ల ముక్కలు దాన్నిండా ఉన్నాయి. వెతికి రెండు బయటికి తీశారు. రెండూ పారాచూట్‌ను పక్కలకు తిప్పే లైన్లే. అన్నిటికన్నా ఎక్కువ రాపిడి తినేవి అవే.

"కళ్లు మూసుకుని చూడు. ఏది పనికొస్తుంది, ఏది పారేయాలి?"

హైమ కళ్లు మూసుకుంది. ఒకటి వేళ్ల మధ్య నుంచి జారిపోయింది, ఎక్కడా తగల్లేదు. రెండోది మధ్యలో గరుగ్గా, పిల్లి తోకలా ఉంది.

"ఇది పారేయాలి," అంది గరుకుదాన్ని ఎత్తి చూపిస్తూ. "ఇది ఇంకా పనికొస్తుంది."

మాస్టారు నున్నటి లైను ఒక కొసను దూలానికున్న కొక్కేనికి కట్టారు. రెండో కొసకు ఇసుక సంచి కట్టారు. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే సంచి అది. దాన్ని రెండు చేతులా ఛాతీ దాకా ఎత్తి వదిలేశారు.

టప్పుమని చిన్న చప్పుడు. సంచి నేల మీద పడింది. లైను రెండు ముక్కలైంది. తెగిన కొస కూడా శుభ్రంగానే ఉంది, కత్తెరతో కోసినట్టు.

రెండో లైను కట్టి మళ్లీ వదిలారు. సంచి గాల్లో ఆగి, ఒక చుట్టు తిరిగి నిలబడింది.

హైమ తెగని లైనును వేలితో తడిమి చూసింది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు కష్టం కాదు. ఆటల్లో పెరిగిన మనిషి.

"సరే మాస్టారూ. వెక్ట్రాన్ వేయండి. ఇదే గట్టిది."

"గట్టిదని ఎవరన్నారు?"

మాస్టారు సంచిని ఎత్తి వదిలారు. ఇంకోసారి వదిలారు. ఆ తర్వాతిసారి అదీ తెగింది.

"రెండూ తెగాయిగా," అంది హైమ. ఆమెకు చిరాకు వచ్చింది. "మరి తేడా ఏముంది?"

మాస్టారు తెగిన రెండు ముక్కల్నీ ఆమె అరచేతిలో పెట్టి, ముందు గరుకుదాన్ని చూపించారు.

"ఇది చెప్పింది. అది చెప్పలేదు."

అంతే. కొత్త వెక్ట్రాన్ చుట్ట బల్ల మీద పెట్టి, కత్తెర తీసుకుని పనిలో పడ్డారు.

లైన్లు మార్చడం ఓపికతో చేసే పని. ప్రతి లైనునూ బరువు కట్టి లాగి పట్టుకుని కొలవాలి. కొలిచి, కోసి, కొసను అల్లిక సందులోంచి దాని కడుపులోకే దూర్చి కుట్టాలి. ఎడమ పక్క లైనుకూ కుడి పక్క లైనుకూ ఒక గోరంత తేడా వచ్చినా పారాచూట్ తిన్నగా పోదు. హైమ శుక్రవారం, శనివారం సెలవు పెట్టే వచ్చింది. ఇద్దరూ కూర్చున్నారు. ఆమె కొలిస్తే మాస్టారు కోశారు, ఆమె దూరిస్తే ఆయన కుట్టారు.

కొలవడానికి లైను కొసను దూలానికున్న కొక్కేనికి తగిలించాలి. అది తలకు మూరెడు పైన ఉంది. మొదటి లైను హైమ ఎడమ చేత్తో తగిలించింది. రెండోదీ అంతే. మూడోదానికి మాస్టారు లైనును ఆమె కుడి చేతికి అందించారు. ఆమె దాన్ని ఎడమ చేతికి మార్చుకుని, మునివేళ్ల మీద లేచి తగిలించింది.

మాస్టారు కుట్టు మిషను ఆపి లేచారు. స్క్రూలు విప్పి, కొక్కేన్ని దూలం మీద నుంచి తీసి, పక్కనున్న స్తంభానికి నడుమెత్తులో బిగించారు. మళ్లీ వచ్చి మిషను ముందు కూర్చున్నారు.

ఆయనకు వయసు మీద పడింది, పైకి అందుకోవడం కష్టమైనట్టుంది అనుకుంది హైమ. కాసేపటికి ఆమెకు గుర్తొచ్చింది. కొలతలు మొదలెట్టాక కొక్కెం దగ్గరికి ఆయన ఒక్కసారి కూడా రాలేదు. తగిలించేది తనొక్కతే.

ఆమె చేతిలో లైను అలాగే ఉండిపోయింది. ఆయన తలెత్తలేదు. మిషను నడుస్తూనే ఉంది.

శనివారం ఎండ వాలే వేళకు ఆఖరి లైను కుట్టడం పూర్తయింది. ఇద్దరూ కలిసి పారాచూట్‌ను పచ్చిక మీద పరిచి, లైన్లన్నీ వరసగా లాగి చూశారు. ఎక్కడా తేడా లేదు. మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో కుట్టునూ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని దగ్గరగా చూశారు. చాలాసేపు పట్టింది. తర్వాత లేచి చేతులు దులుపుకున్నారు.

"బాగుంది. నేను చూడగలిగినవన్నీ చూశాను."

షెడ్డు వైపు నడిచారు. మెల్లగా నడుస్తున్నారు. మామూలుగా ఆయన అంత మెల్లగా నడవరు.

హైమ పచ్చిక మీద నిలబడింది. వలీ గుర్తొచ్చాడు. సౌదీలో ఉన్న వాళ్ల నాన్నకి చూపించడానికి పోటీల జెర్సీ నమూనా ముందే ఫోన్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. మిగతా ఆరుగురూ గుర్తొచ్చారు. ఒక్కసారి దూకడమే. నిమిషం కూడా పట్టదు. పిడి ఈసారి అందొచ్చు. కిందటిసారి అందిందిగా.

కిందటిసారి వలీ ఆమెకు కొంచెం కింద, కొద్ది దూరంలోనే పారాచూట్ తెరిచాడు. తను పిడి కోసం వెతుక్కుంటూ రాలిపోతున్నప్పుడు అతను ఒక పక్కకి ఉండబట్టి సరిపోయింది. సరిగ్గా తన కిందే ఉండి ఉంటే తను నేరుగా వెళ్లి అతని పారాచూట్ మీదే పడేది. ఆ సంగతి ఆమె ఇన్ని రోజులూ తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"మాస్టారూ."

ఆయన ఆగారు.

"కుడి చెయ్యి వెనక్కి పోవట్లేదు. భుజం జారింది. దసరాకి."

మాస్టారు వెనక్కి వచ్చారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి లేపారు, ఎక్కడ ఆమె పళ్లు బిగించిందో అక్కడ ఆపి, అంతే నెమ్మదిగా దించారు.

"గుంటూరులో మాకు తెలిసిన ఎముకల డాక్టరున్నాడు. సోమవారం పోదాం," అన్నారు. "వలీకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తాను."

ఆదివారం పొద్దున వలీకి చెప్పింది. అతను హెల్మెట్ చేతిలో పెట్టుకుని వింటూ నిలబడ్డాడు. ముందు కోపం వచ్చింది. సంవత్సరం కష్టపడ్డామన్నాడు, ముందే చెప్పి ఉంటే ఎవరినైనా తయారు చేసుకునేవాళ్లం కదా అన్నాడు. రెండూ నిజమే. తర్వాత అతని గొంతు తగ్గింది.

"ఇన్ని వారాలుగా ఆ చెయ్యి నా చేతిలోనే ఉంది కదక్కా. నాకెలా తెలియలేదు?"

పరిశీలకుడు వచ్చాడు, విన్నాడు, ఎనిమిది మంది లేకపోతే తాను ఏమీ రాసుకోలేనన్నాడు. అయినా చూస్తానని కుర్చీ వేసుకున్నాడు. ఏడుగురూ విమానం వైపు నడిచారు. వలీ మధ్యలో ఆగి, మాస్టారి దగ్గరికి తిరిగి వచ్చాడు.

"మీకు ముందే తెలుసు కదా మాస్టారూ?"

"అనుమానం."

"అక్క చెప్పకపోయి ఉంటే ఎక్కనిచ్చేవారా?"

"ఎక్కనిచ్చేవాణ్ణి కాదు."

"మరి నిన్ననే ఆపొచ్చుగా? అడిగెయ్యొచ్చుగా?"

మాస్టారు వలీ ఛాతీ మీది పట్టీని లాగి చూశారు. వదులుగా ఉంటే బిగించారు.

"ఒక్క ఈ రోజు కోసమైతే ఆపేవాణ్ణే," అన్నారు. "వెళ్లు, వాళ్లు ఎదురుచూస్తున్నారు."

విమానం స్ట్రిప్ చివరి దాకా పోయి, తిరిగి, పరుగెత్తి లేచింది. నది మీదుగా వంపు తిరిగి ఎత్తుకు పోతోంది. కాసేపటికి చప్పుడు మాత్రమే మిగిలింది. మాస్టారు, హైమ పచ్చిక మీద పక్కపక్కన నిలబడ్డారు. ఆయన బైనాక్యులర్ ఆమెకిచ్చారు. ఆమె ఎడమ చేత్తో అందుకుంది, ఈసారి దాచకుండా.

చాలా పైన, వెలుతురులో ఒక చుక్క రాలింది. దాని వెనక ఇంకోటి. ఏడూ రాలాయి. దగ్గరికొచ్చాయి, చేతులు కలిశాయి. ఒక చోట ఖాళీ ఉంది. దాన్ని పూడ్చడానికి ఎవరూ దగ్గరికి జరగలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నారు మాస్టారు, ఆకాశంలోకి చూస్తూనే.

భుజం గురించి అడిగారో, పైనున్న ఆ ఖాళీ గురించి అడిగారో హైమ అడగలేదు.

"ఉంది మాస్టారూ," అంది.