వంకర తోక కొంగ

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక కాలేజీ, కాలేజీ వెనకాల ఒక ఆడపిల్లల హాస్టలు. ఆ హాస్టలుకి భ్రమరాంబ అని ఒక వార్డెను ఉండేది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని, ఆ కాగితం కొంగని దిండు పక్కన పెట్టి పడుకో బంగారూ, చెబుతాను ఆవిడ సంగతి.

భ్రమరాంబకి అన్నీ అనుమానాలే. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూసేది. పెళ్ళి భోజనంలో లడ్డూ పెడితే, విరిచి లోపల ఏముందో చూసుకుని గానీ నోట్లో వేసుకునేది కాదు. పిల్లలు నవ్వుకుంటుంటే ఎందుకు నవ్వుతున్నారో కనుక్కున్నాకే అక్కణ్ణుంచి కదిలేది. మనిషి మంచిదే పాపం. హాస్టల్లో ఎవరికి జ్వరమొచ్చినా పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసేది. కాకపోతే అది నిజం జ్వరమేనా అని ముందు రెండుసార్లు చెయ్యి పెట్టి చూసేది.

పరీక్షల రోజుల్లో ఆవిడకి ఇంకో పని ఉండేది. హాలు గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్ళే ఆడపిల్లల దగ్గర స్లిప్పులున్నాయేమో వెతకాలి. స్లిప్పంటే, జవాబులన్నీ చీమల్లాంటి అక్షరాలతో రాసి, మడతలు పెట్టి దాచుకునే చిన్న కాగితం ముక్క. జడలో దాచినదాన్ని పట్టుకుంది. గాజుల కింద దాచినదాన్ని పట్టుకుంది. చెప్పు అట్టలో దాచినదాన్నీ పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళుగా తన గుమ్మం దాటి ఒక్క స్లిప్పు కూడా లోపలికి పోలేదని ఆవిడకి గొప్ప. అందుకని ఎక్కడ మడత పెట్టిన కాగితం కనబడినా ఆవిడ కంటికి అది స్లిప్పే.

ఆ హాస్టల్లోనే రామతులసి అని ఒక పిల్ల ఉండేది. బియస్సీ చదువుతోంది. చదువులో చురుకే, కానీ పరీక్ష అంటే భయం. కిందటేడు కెమిస్ట్రీ ప్రశ్నపత్రం చేతికి రాగానే వేళ్ళు గజగజా వణికాయి, పెన్ను నిలవలేదు. అన్నీ వచ్చుండి కూడా తెల్ల కాగితం ఇచ్చేసి ఏడుస్తూ బయటికొచ్చింది. ఈసారి కూడా ఆ పరీక్ష పోతే చదువు మానిపించి ఇంటికి తీసుకుపోతానని వాళ్ళ నాన్న కచ్చితంగా చెప్పేశాడు.

అప్పుడు ఆ పిల్లకి లైబ్రరీలో ఒక పుస్తకం దొరికింది. జపాను వాళ్ళు జిగురూ దారం లేకుండా, వట్టి మడతలతోనే కాగితాన్ని కొంగలుగా, కప్పలుగా, పువ్వులుగా చేస్తారట. దాన్ని ఓరిగామి అంటారట. మనం వానాకాలంలో చేసే కత్తిపడవకి అక్క అనుకో. రామతులసి ఒకరోజు ఊరికే కూర్చుని కొంగ చేసింది. మడత మీద మడత, గోటితో రుద్ది ఇంకో మడత. కొంగకి రెక్కలొచ్చేసరికి ఈ పిల్లకి గుండెదడ తగ్గి, చేతులు నిమ్మళించాయి. ఆ తర్వాత రోజుకో కొంగ చెయ్యడం మొదలుపెట్టింది. ఎందుకు చేస్తోందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చేతులు వణుకుతాయని చెప్పుకోవడానికి సిగ్గుపడింది. ఆ సిగ్గే కొంప మీదికి తెచ్చింది.

మొదట క్యాలెండరు కాగితాలు మాయమయ్యాయి. భోజనాల గదిలో గోడకి, రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది. చింపినవన్నీ మేకుకి గుచ్చి ఉంచేవాళ్ళు. ఒకరోజు చూస్తే మేకు ఖాళీగా ఉంది. భ్రమరాంబ వంటామె సన్నాసమ్మని అడిగింది.

"ఆ తులసమ్మే అడిగి అట్టుకెల్తందమ్మా. నాను పొయ్యి ఎలిగించుకుందుకు దాసినవి కూడా ఒగ్గలేదు" అంది సన్నాసమ్మ.

అయిపోయిన రోజుతో ఎవరికైనా ఏం పని ఉంటుంది? భ్రమరాంబ ఆ రోజు మజ్జిగన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత కాగితం పట్టీలు దొరికాయి. రామతులసి కాలేజీకి వెళ్ళాక భ్రమరాంబ ఆ గదిలోకి వెళ్ళి మంచం కింద చూసింది. వేలెడు వెడల్పున చింపిన పట్టీలు, ఒక కట్టగా రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అసలు సంగతేమిటంటే, కొంగకి చదరం కాగితం కావాలి, క్యాలెండరు కాగితమేమో పొడుగ్గా ఉంటుంది. అందుకని మిగిలిన అంచుని ఆ పిల్ల ముందే చింపేసేది. ఇది నీకు తెలుసు, నాకు తెలుసు, భ్రమరాంబకి తెలీదు. ఆవిడకి తెలిసిందల్లా, ఆ పట్టీలు సరిగ్గా స్లిప్పు కొలతకి ఉన్నాయని. తిరగేసి మరగేసి చూసింది. అక్షరం ముక్క లేదు. అయితే ఇంకా రాయలేదన్నమాట అనుకుని, ఎలా ఉన్నవి అలాగే పెట్టేసింది.

రెండోసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు కొంగలే కనబడ్డాయి. కిటికీకి కొత్తగా దారం కట్టి, దానికి వరసగా గుచ్చి ఉన్నాయి. భ్రమరాంబ ఒకటి లాగి, మడతలన్నీ విప్పేసింది. ఒక వైపు తిథి, వర్జ్యం, రాహుకాలం. రెండో వైపు తెల్లగా ఉంది. ఏమీ లేకపోతే మనబోటివాళ్ళం ఊరుకుంటాం. ఆవిడకి మాత్రం అనుమానం రెట్టింపయింది. నిమ్మరసంతో రాస్తే అక్షరాలు కనబడవనీ, వేడి తగిలితే బయటపడతాయనీ ఎక్కడో విన్నది. గబగబా వంటింట్లోకి వెళ్ళి కాగితాన్ని పొయ్యి మీద కాచింది. అక్షరాలు రాలేదు గానీ కాగితం అంటుకుంది, ఆవిడ చూపుడువేలు కూడా చురుక్కుమంది.

సాయంత్రం రామతులసి దారానికేసి చూసి, ఒక కొంగ లేదని మంచం కిందా కిటికీ కిందా వెతుక్కుంది. గుమ్మం చాటునుంచి చూస్తున్న భ్రమరాంబకి ఇక సందేహమే లేకపోయింది. తప్పు చేసినవాళ్ళే అలా కంగారుగా వెతుకుతారని తేల్చేసుకుంది.

ఊఁ కొడుతున్నావా, నిద్రపోయావా? సరే, విను.

కెమిస్ట్రీ పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే భ్రమరాంబ క్యాలెండరు చూస్తే గోడ మీద మర్నాటి తేదీ ఉంది. ఆ రోజు కాగితాన్ని ఎవరో అప్పుడే చింపేశారు. ఎవరో ఆవిడకి ఒకరు చెప్పాలా? చీర కుచ్చిళ్ళు సవరించుకుని, అందరికంటే ముందు వెళ్ళి హాలు గుమ్మంలో నిలబడింది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. రామతులసి వంతు వచ్చింది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఏముందందులో అని భ్రమరాంబ అడిగితే, ఏమీ లేదు మేడమ్ అంది ఆ పిల్ల సిగ్గుపడుతూ. అబద్ధం దొరికిపోయింది. భ్రమరాంబ వేళ్ళు విడదీసింది. అరచేతిలో ఉసిరికాయంత కొంగ ఉంది.

అప్పుడు రామతులసిని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, ఆ కొంగని విప్పడం మొదలుపెట్టింది. రెక్కలు పోయాయి, మెడ పోయింది, తోక పోయింది. స్లిప్పు దొరికిందని ఆవిడ రాసిస్తే ఆ పిల్లని మూడేళ్ళు పరీక్షలు రాయనివ్వరు. ఆవిడ కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ రోజు తేదీ, కింద రాహుకాలం. ఇంకేం లేదు. ఇంతలో గంట కొట్టారు. లోపల ప్రశ్నపత్రాలు పంచుతున్నారు.

"అది స్లిప్పు కాదు మేడమ్. చేతులు వణక్కుండా ఉంటాయని చేసుకున్నాను" అంది రామతులసి. కిందటేడు ఏం జరిగిందో, వాళ్ళ నాన్న ఏమన్నాడో, రోజూ కొంగ ఎందుకు చేస్తోందో, నేల చూపులు చూస్తూ అంతా చెప్పింది.

భ్రమరాంబ ఆ చేతులకేసి చూసింది. పద్దెనిమిదేళ్ళుగా జడలు చూసింది, గాజులు చూసింది, అరచేతుల్లో సిరా మరకల కోసం వెతికింది. చేతులు వణుకుతున్నాయా అని ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు కూడా నమ్మకం కుదరక, జ్వరం చూసినట్టే రెండుసార్లు పట్టుకుని చూసింది. నిజం వణుకే. ఆవిడ మనసు చివుక్కుమంది.

గంట కొట్టాక అరగంట దాటితే ఎవరినీ లోపలికి రానివ్వరు. పది నిమిషాలు అప్పుడే అయిపోయాయి. భ్రమరాంబ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కొంగని చెయ్యబోయింది. విప్పినంత తేలికా? ఒకసారి మడిస్తే గాలిపటమయింది. ఇంకోసారి మడిస్తే పొట్లమయింది. మూడోసారికి అది ఏమయిందో దానికే తెలియాలి. చూసి చూసి రామతులసే చెయ్యి చాపింది.

"అలా కాదు మేడమ్. గీతలు ఉన్నాయి కదా, అవి ఎటు వంగితే అటే వంచాలి. ఇక్కడ గోటితో రుద్దండి. ఇప్పుడు లోపలికి తొయ్యండి. తోక చివర్లో."

అలా చూపిస్తూ చూపిస్తూ ఉంటే కొంగ తయారయింది. చేతుల వణుకూ ఆగింది. రామతులసి కొంగని తీసుకుని లేచింది. కానీ భ్రమరాంబ భ్రమరాంబే కదా.

"స్లిప్పు కాకపోయినా కాగితం కాగితమేనే అమ్మా, లోపలికి పోనివ్వను. ఇలా ఇయ్యి. నీకు కనబడేలా ఇక్కడే నిలబడతాను, పో" అంది.

ఆ పిల్ల లోపలికి వెళ్ళి రాయడం మొదలుపెట్టింది. భ్రమరాంబ గుమ్మంలో అరచెయ్యి చాపి, దాని మీద కొంగని పెట్టుకుని నిలబడింది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఆవిడ చెయ్యి దించలేదు.

అప్పుడు స్క్వాడు వచ్చింది. స్క్వాడంటే, పరీక్షల్లో దొంగతనాలు పట్టుకోవడానికి పైనుంచి వచ్చేవాళ్ళు. అందులో ఒక కళ్ళజోడాయన భ్రమరాంబని చూసి ఆగిపోయాడు. మడతలు పెట్టిన కాగితం చేత్తో పట్టుకుని, పిల్లలకి కనబడేలా చూపిస్తోంది. పిల్లలకి సైగలు చేస్తున్నారా అని నెమ్మదిగా అడిగాడు. ఎన్ని వందలమందినో భ్రమరాంబ అలాగే చూసింది. ఆ చూపు తన మీద పడితే ఎలా ఉంటుందో ఆవిడకి ఆ రోజే తెలిసింది. ఏ తప్పూ చెయ్యకపోయినా, ఏమీ లేదు సార్ అంటూ తడబడింది.

కళ్ళజోడాయన కొంగని తీసుకుని విప్పేశాడు. ఎండకి పెట్టి చూశాడు. నిమ్మరసం వాసనేమైనా వస్తోందా అని ముక్కు దగ్గర కూడా పెట్టుకున్నాడు. ఏమీ దొరక్క, ఆ కాగితాన్ని ఆవిడ చేతిలో పడేసి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే లోపల రామతులసి తలెత్తింది. ఇంకొక్క పెద్ద ప్రశ్న మిగిలింది. గుమ్మంలో చూస్తే కొంగ లేదు, వట్టి కాగితం ఉంది. పెన్ను ఆగిపోయింది. వేళ్ళు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి.

భ్రమరాంబ గోడకి కాగితం ఆన్చి మడవడం మొదలుపెట్టింది. ఆవిడ చేతులు కూడా వణుకుతున్నాయి. గీత ఎటు వంగితే అటు వంచింది. కాలిన వేలి గోటితోనే రుద్దింది. లోపలికి తోసింది. రెక్కలొచ్చాయి, మెడ వచ్చింది. తోక మాత్రం ఒక పక్కకి తిరిగిపోయింది. అయినా సరే అరచెయ్యి చాపింది.

రామతులసి ఆ వంకర తోక చూసి, నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంది. తర్వాత తల దించుకుని, చివరి గంట కొట్టేదాకా రాస్తూనే ఉంది.

ఆ పిల్ల పాసయింది. చదువూ ఆగలేదు. కాల్చేసిన కొంగ సంగతి భ్రమరాంబ తనే ఒప్పుకుని, దాని బదులు ఆ వంకర తోకదాన్ని దారానికి కట్టింది. అనుమానాలు పూర్తిగా పోయాయా అంటే, పోలేదు. పాలల్లో వేలు ముంచడం మానలేదు. కానీ మడత పెట్టిన కాగితం కనబడితే మాత్రం, విప్పే ముందు ఇది ఏమిటమ్మా అని ఒక మాట అడిగేది.

ఆవిడకి ఇప్పటికీ కొంగకి తోక తిన్నగా రాదు. ఏమిటే, అంత అనుమానంగా చూస్తున్నావు నాకేసి? నీ దిండు పక్కన కొంగ చేసిందెవరనా? దాని తోక చూసుకో, నా చూపుడువేలి మీద మచ్చ చూసుకో. చూశావుగా, ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కొంగేమో కిటికీకి,
కునుకేమో కంటికి,
కలలో తిరిగి తిరిగి మనమిద్దరం ఇంటికి.