పొద్దుగూకితే చచ్చే మాంత్రికుడు

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడర్రా, ఆయనకు ముగ్గురు కొడుకులు. సముద్రాలకు అవతల కంకాళుడనే మాంత్రికుడు హేమలేఖ అనే రాజకుమారిని తన తోటలో బంధించాడు. విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడు మణిధరుడు బయలుదేరాడు.

తోట గుమ్మంలో సాలెగూడు అడ్డొస్తే తెంపకుండా వంగి వెళ్లాడు. లోపల రెండు రాతిబొమ్మలు. ముఖాలు అన్నలవే.

హేమలేఖ జరిగింది చెప్పింది. పొద్దుగూకగానే కంకాళుడు కట్టెలా పడిపోతాడు, ఊపిరుండదు. చచ్చాడనుకొని పెద్దవాడు సంబరపడి నిద్రపోయాడు. తెల్లారి కంకాళుడు లేచి అతణ్ణి రాయి చేశాడు. వాడి ప్రాణం ఎర్రగొంతు పిట్టలో ఉందని రెండోవాడికి తెలిసింది. చీకటి పడేదాకా వెతికినా ఒక్క ఎర్రగొంతూ కనబడలేదు, తెల్లారి అతనూ రాయయ్యాడు.

గుమ్మంలోని సాలీడు నెమ్మదిగా అంది, "రంగు కోసం వెతక్కు నాయనా. ఎండ ఎదురుగా పడితేనే ఆ గొంతు నిప్పు, నీడలో నలుపే. అది ఎలా బతుకుతుందో చూడు. గాలిలో నిలబడి తేనె తాగుతుంది, వెనక్కి ఎగురుతుంది, గూటికి నా దారం ఎత్తుకెళుతుంది."

మణిధరుడు పొదలో నక్కి పగలంతా చూశాడు. బొటనవేలంత నల్లగొంతు పిట్ట ఒకటి పువ్వు ముందు గాలిలో నిలిచింది, వెనక్కి జరిగింది, సాలెదారం లాక్కుపోయింది. పొద్దుగూకింది. పిట్ట కొమ్మ మీద బిగుసుకుపోయింది. అదే క్షణాన ఇంట్లో కంకాళుడు దబ్బున పడ్డాడు.

మణిధరుడు పిట్టను అరచేతిలోకి తీసుకున్నాడు. గులకరాయిలా చల్లగా ఉంది.

"చచ్చిపోయిందండీ," అంది హేమలేఖ.

"లేదు. చలికి ఒంట్లో వేడి తగ్గించుకొని పడుకుంది."

తెల్లారింది. అరచేతిలో గుండె టకటకమంది. ఇంట్లో కంకాళుడి వేలు కదిలింది. వాడు తూలుతూ వచ్చి చేతులు జోడించాడు.

"అబ్బాయీ, దానికి ఆకలి. పువ్వు దగ్గర పెట్టు, లేకుంటే దాంతో పాటే చచ్చిపోతాను."

"ముందు మా అన్నల్ని లేపు. హేమలేఖ కట్లు విప్పు. నీ మంత్రదండం విరిచెయ్."

వాడు అన్నీ చేశాడు. మణిధరుడు మాట తప్పలేదు, గుప్పిట తెరిచాడు. ఎండ తగిలి పిట్ట గొంతు భగ్గున ఎర్రబడింది.

కంకాళుడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడట, పిట్ట కోసం పూలమొక్కలకు నీళ్లు పోసుకుంటూ, రోజూ పొద్దుగూకగానే చస్తూ.

మణిధరుడు హేమలేఖను పెళ్లాడి చాలాకాలం రాజ్యమేలాడు. ఆవిడ మాత్రం, భర్త నిద్రపోగానే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి గాని పడుకునేది కాదు.