ఎండ గ్యాలరీ

బొల్లారం యూనియన్ జట్టుకు పద్దెనిమిదేళ్లు ఫుట్‌బాల్ ఆడిన సైదులును ఒక బుధవారం పొద్దున క్లబ్బు ఆఫీసుకు పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఇక రానక్కర్లేదని చెప్పారు.

చెప్పినవాడు మేనేజరు. రెండేళ్ల కింద కొత్తగా వచ్చినవాడు. మర్యాదగానే చెప్పాడు.

"మీరు చేసింది క్లబ్బు ఎప్పటికీ మరిచిపోదు సార్. ఐతారం ఆఖరి మ్యాచ్ కదా, ఆట మొదలయ్యే ముందు గ్రౌండు మధ్యల మీకు సన్మానం పెట్టుకున్నం. ప్రెసిడెంటు గారు శాలువా కప్పుతరు."

"ఆ మ్యాచ్‌ల ఆడిస్తరా నన్ను?" అని అడిగాడు సైదులు.

మేనేజరు తన టీ గ్లాసు వైపు చూశాడు. "మీ జాగల షిబిన్ ఆడుతున్నడు సార్."

సైదులు లేచాడు. "శాలువా మీరే కప్పుకోండ్రి" అని బయటికి వచ్చేశాడు.

అతనికి ముప్పై ఏడేళ్లు. మధ్య వరసలో ఆడేవాడు. ఎనిమిదో నంబరు. లీగు మూడుసార్లు గెలిచినప్పుడూ అతనే కెప్టెన్. పెద్ద క్లబ్బులు కలకత్తా నుంచి, గోవా నుంచి మనుషులను పంపిస్తే, "నాకు బొల్లారం చాలు" అని తిప్పి పంపాడు. ఆ మాట పేపర్లో పడింది. ఆ పేపరు ముక్క క్లబ్బు గోడ మీద ఇంకా ఉంది.

ఎడమ మోకాలు రెండేళ్లుగా మాట వినడం లేదు. ఆ సంగతి ముందు అతనికి తెలిసింది, తరువాత డాక్టరుకు, ఆ తరువాత ఎదుటి జట్లకు. ఈ సీజనంతా బెంచీ మీదే కూర్చున్నాడు. అయినా ఆఖరి పది నిమిషాలకు దించేవారు. దించినప్పుడు గ్యాలరీ లేచి "సైదన్నా" అని అరిచేది. ఆ అరుపు వింటే మోకాలు నొప్పి తెలిసేది కాదు.

మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. పొద్దున్నే ఐదింటికి మెలకువ వచ్చేది. లేచి బూట్ల దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చి మంచం మీద కూర్చునేవాడు. భార్య అనసూయ సన్మానానికని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించింది. సైదులు దాన్ని తీసి బీరువాలో పెట్టేశాడు.

శుక్రవారం మల్కాజిగిరి రేంజర్స్ సెక్రటరీ ఫోన్ చేశాడు. బొల్లారానికి ఇరవై ఏళ్లుగా పడని జట్టు అది. "మా దగ్గరికి రా సైదులూ. ఒక్క సీజన్ చాలు. వచ్చే ఏడు వాళ్ల గ్రౌండ్లనే వాళ్ల మీద నిన్ను దించుత. అప్పుడు తెలుస్తది వాళ్లకు."

అప్పుడు తెలుస్తది వాళ్లకు. ఆ ముక్క సైదులు చెవిలో ఉండిపోయింది. సంతకం పెడతానన్నాడు. పెట్టే ముందు ఒక్క మనిషికి చెప్పాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం తిరుమలగిరి సందుల్లోకి వెళ్లాడు. వహీద్ ఉస్తాద్ మసీదు వెనక రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు. సైదులు కాళ్లకు ఆట నేర్పింది ఆయనే. బొల్లారానికి ముప్పై ఏళ్లు కోచ్‌గా చేసి, ఆరోగ్యం బాగాలేదని మానుకున్నాడు. అంతకుముందు ఆయన కూడా అదే జట్టుకు ఆడాడని సైదులు విన్నాడు గానీ, దాని గురించి ఏనాడూ అడగలేదు.

ఉస్తాద్ గడప దగ్గర కూర్చుని బక్కెట్లో లుంగీ ఉతుక్కుంటున్నాడు. సైదులు పిండబోతే వద్దన్నాడు. తనే పిండి, దులిపి, తాడు మీద ఆరేశాడు. అదయ్యేదాకా సైదులు నిలబడే ఉన్నాడు.

"చెప్పు బేటా."

సైదులు అంతా చెప్పాడు. టీ, శాలువా, షిబిన్, రేంజర్స్. చెబుతున్న కొద్దీ గొంతు పెరిగింది.

"ఆ షిబిన్‌కు ఎడమకాలితోని పాసు ఇయ్యరాదు ఉస్తాద్. బంతి దొరికితే తల కిందికి దించి ఉరుకుతడు. నేను నిలబడితె జట్టు నిలబడేది. ఇప్పుడు ఎట్ల నిలబడతదో నేను చూస్త. నాకు దువా చేయుండ్రి. రేపే పోయి సంతకం పెడ్త."

ఉస్తాద్ చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"రేపు ఎన్నింటికి?"

"సాయంత్రం."

"మ్యాచ్ నాలుగింటికి కద. చూసి పో."

"నేను ఆ గ్రౌండ్ల అడుగు పెట్ట ఉస్తాద్."

"గ్రౌండ్ల పెట్టమంటలేను. నాతోని రా."

ఉస్తాద్ మాట కాదనడం సైదులుకు అలవాటు లేదు.

ఆదివారం మూడున్నరకు ఇద్దరూ స్టేడియం చేరుకున్నారు. సైదులు టోపీ నొసటి మీదికి లాక్కుని, మూతికి దస్తీ కట్టుకున్నాడు. అలవాటుగా ఆటగాళ్ల గేటు వైపు తిరిగాడు. ఉస్తాద్ అటు రాలేదు. గోడ పక్క నుంచి నడిచి, జనంలో కలిసి, టికెట్ల కిటికీ ముందు వరసలో నిలబడ్డాడు. సైదులు వెనక్కి వచ్చి ఆయన వెనక నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లలో ఈ వైపు వరస ఉంటుందన్న సంగతే అతనికి పట్టలేదు.

ఉస్తాద్ రెండు టికెట్లు తీసుకున్నాడు. తూర్పు గ్యాలరీ. మధ్యాహ్నం దాటితే ఎండంతా మొహం మీదే పడే వైపు అది. అందుకే దాన్ని అందరూ ఎండ గ్యాలరీ అంటారు.

మెట్లు ఎక్కడానికి ఉస్తాద్‌కు చాలాసేపు పట్టింది. నాలుగేసి మెట్లకు ఒకసారి ఆగాడు. ఏడో వరసలో ఒక చోట, చూడకుండానే, కుడికి తిరిగి కూర్చున్నాడు. జేబులోంచి మడిచిన గోనెగుడ్డ తీసి సగం తన కింద వేసుకుని సగం పక్కకు పరిచాడు.

పల్లీల గంప పట్టుకుని తిరిగే మనిషి ఒకడు అటుగా వస్తూ, "సలాం చాచా, పోయినసారి రాలేదేంది?" అన్నాడు.

"జ్వరం" అన్నాడు ఉస్తాద్.

సైదులు ఆయన వైపు తిరిగాడు. "మీరు ప్రతి మ్యాచ్‌కు వస్తరా ఉస్తాద్?"

"వస్త."

"ఇక్కడికేనా?"

ఉస్తాద్ తల ఊపాడు.

ఎదురుగా, నీడ పడే వైపు, మెత్తటి కుర్చీలు కనిపిస్తున్నాయి. ప్రతి మ్యాచ్‌కూ ఆటగాళ్లకు అక్కడి పాసులు ఇచ్చేవారు. సైదులు వాటిని పోలీసు ఇన్‌స్పెక్టర్లకు, బ్యాంకు మేనేజర్లకు, బావమరిది స్నేహితులకు పంచేవాడు. ఉస్తాద్‌కు ఎప్పుడైనా పంపానా అని వెతుక్కున్నాడు. ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

మైకు గరగరమంది.

"ప్రేక్షకులకు గమనిక. శ్రీ సైదులు గారి సన్మాన కార్యక్రమం కొన్ని కారణాల వల్ల జరగడం లేదు. మ్యాచ్ అనుకున్న సమయానికే మొదలవుతుంది."

సైదులు చుట్టూ ఉన్న జనం వైపు చూశాడు. ఇప్పుడు లేస్తారు అనుకున్నాడు. అరుస్తారు. ఎందుకు జరగదని అడుగుతారు.

కింది వరసలో ఎవరో "అరె పాపం" అన్నారు. ఎడమ పక్కన ఒకడు ఈల వేశాడు గానీ అది పల్లీల మనిషిని పిలవడానికి.

పక్కన కూర్చున్న మనిషికి యాభై ఏళ్లుంటాయి. రైల్వే ఖాకీ చొక్కా వేసుకున్నాడు. పల్లీలు ఒలుచుకుంటూ, తనలో తను అనుకున్నట్టు, "మంచి ఆటగాడు. ఏం ఆడెటోడు! నాలుగేండ్ల కిందనే ఆపితె బాగుండు" అన్నాడు. తరువాత సైదులు వైపు తిరిగి, "నిన్ను ఎక్కడ్నో చూసిన అన్నా. లాలగూడ షెడ్డుల పని చేస్తవా?" అని అడిగాడు.

సైదులు లేదని తల అడ్డంగా ఊపాడు. ఆ మనిషి ఇంకేదో అడగబోయాడు. అంతలో జట్లు బయటికి వచ్చాయి. గ్యాలరీ మొత్తం లేచి అరిచింది. ఖాకీ చొక్కా కూడా లేచి, ఒడిలోని పల్లీల పొట్టు అంతా కింద పడేట్టు చప్పట్లు కొట్టాడు.

షిబిన్ నాలుగోవాడిగా వచ్చాడు. వీపు మీద ఎనిమిదో నంబరు ఉంది.

జేబులో ఫోన్ వణికింది. రేంజర్స్ సెక్రటరీ. సైదులు దాన్ని ఎత్తలేదు, ఆపలేదు. దానంతట అదే ఆగిపోయింది. వాళ్ల ఒప్పందం కాగితం మీద అతను ఆ తరువాత కూడా ఏనాడూ సంతకం పెట్టలేదు. రేంజర్స్ వాళ్లు ఆ సంగతి ఎన్నో చోట్ల, ఎన్నో రకాలుగా చెప్పుకున్నారు. ఎందుకు పెట్టలేదో ఎవరికీ తెలియలేదు.

ఆట మొదలైంది.

సైదులు తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. షిబిన్ మొదటి పాసు ఎదుటివాడి కాలికి ఇచ్చాడు. రెండోసారి బంతిని పట్టుకుని తల దించి పరుగెత్తాడు. "చూసిండ్రా?" అన్నాడు సైదులు. మూడోసారి కింద పడ్డాడు. "చూసిండ్రా ఉస్తాద్?" ఉస్తాద్ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆట చూస్తున్నాడు.

కాసేపటికి సైదులుకు లెక్క తప్పింది.

కింద ఆడేటప్పుడు కనిపించేవి కాళ్లు, వీపులు, వస్తూ పోతూ ఉండే మొహాలు. ఇక్కడి నుంచి గ్రౌండు మొత్తం ఒక్కసారే కనిపిస్తోంది. బంతి ఎడమకు వెళ్లినప్పుడల్లా ఎదుటి జట్టు అంతా అటే ఒరుగుతోంది. కుడి పక్కన బోలెడంత ఖాళీ. మనిషి లేడు. అతను తన జీవితమంతా బంతిని ఎడమకే ఇచ్చాడు. ఎడమకు ఇచ్చే ఆ పాసుకే పేపర్ల వాళ్లు అతన్ని పొగిడారు.

ఆ ఖాళీ ఇన్నేళ్లూ అక్కడే ఉండి ఉంటుందా?

"కుడికి" అన్నాడు మెల్లగా. ఎవరికీ వినపడలేదు. షిబిన్ ఎడమకే ఇచ్చాడు. బంతి పోయింది. మళ్లీ దొరికింది. మళ్లీ ఎడమకే.

"కుడికి చూడు రా" అన్నాడు సైదులు ఇంకొంచెం గట్టిగా. మోకాళ్ల మీద పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఉస్తాద్ ఒక్కసారి అతని చేతుల వైపు చూసి, చూపు గ్రౌండు మీదికి తిప్పుకున్నాడు.

నలభయ్యో నిమిషంలో షిబిన్‌కు బంతి దొరికింది. ముగ్గురు మీద పడ్డారు. తల దించాడు. అయిపోయింది అనుకున్నాడు సైదులు. అప్పుడు షిబిన్ తల ఎత్తాడు. ఒక్క క్షణం ఆగి, ఎడమకాలితో, మొత్తం గ్రౌండు అడ్డంగా, కుడి పక్క ఖాళీలోకి బంతి కొట్టాడు. వెనక నుంచి వచ్చే బొల్లారం ఆటగాడు అప్పటిదాకా ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. బంతి పడేసరికి అక్కడున్నాడు. ఆపకుండా తన్నాడు. వల ఊగింది.

గ్యాలరీ పేలిపోయింది.

తను ఎప్పుడు లేచాడో సైదులుకు తెలియదు. రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి అరుస్తున్నాడు. దస్తీ మెడ మీదికి జారింది. ఖాకీ చొక్కా మనిషి అతని భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. ఎవరో వీపు మీద చరిచారు. అతను అరుస్తూనే ఉన్నాడు. అరుపు ఒకచోట విరిగి వేరే చప్పుడు అయింది. ఆ హోరులో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కింద కార్నర్ జెండా దగ్గర పదిమందీ షిబిన్ మీద పడి ఉన్నారు. ఆ కుప్పలో ఎవరి చేయి ఎవరిదో తెలియడం లేదు. అలాంటి కుప్ప కింద ఊపిరాడకుండా, మట్టి వాసనతో, ఎవరి చెమటో కళ్లలో పడుతూ ఉన్నప్పుడు ఎలా ఉంటుందో సైదులుకు తెలుసు. ఇక ఎప్పటికీ అది అతనికి దొరకదు.

చప్పట్లు తగ్గాయి. జనం కూర్చున్నారు. బంతిని మధ్యకు తెచ్చారు. రిఫరీ ఈల వేశాడు. ఆట మళ్లీ సాగింది.

సైదులు నిలబడే ఉన్నాడు. చేతులు పక్కకు వేలాడుతున్నాయి. చెంపల మీది తడి తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"ఇది ఎప్పుడు తగ్గుతది ఉస్తాద్?" అని అడిగాడు, కిందికి చూడకుండానే.

ఎండకు ఉస్తాద్ కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి. బంతి ఎటు పోతే ఆ కళ్లు అటు పోతున్నాయి.

"ఓ అన్నా, కూసో" అన్నారు వెనక నుంచి.

సైదులుకు వినపడలేదు.

"ఓ టోపీ అన్నా! నిన్నే!"

వెనక వరసలో ఇంకో ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. ఖాకీ చొక్కా మనిషి కూడా తల ఎత్తి విసుగ్గా చూశాడు.

ఉస్తాద్ చెయ్యి చాపి సైదులు చొక్కా అంచు పట్టుకున్నాడు. మెల్లగా కిందికి లాగాడు.

"కూసో బేటా. ఎనక వాళ్లకు ఆట కనపడ్తలేదు."

సైదులు కూర్చున్నాడు.