సగం మాటకు మొగం తిప్పిన ముద్దలమ్మ

చిత్రాలగట్టు ఎక్కివచ్చిన భక్తులు గర్భగుడి ముందు నిలబడి కంగారుపడుతుంటారు. అమ్మవారి ఒళ్లు మనవైపు, మొగం గోడవైపు! కన్నులు ఉండవలసిన చోట కొప్పు కనిపిస్తుంది. మెడచుట్టూ పగిలిన గీత ఒకటి ఉంది. అది ఏ శిల్పీ చెక్కినది కాదు, అమ్మ కోపం చెక్కినది.

పూర్వం ఈ సీమను చెన్నభూపతి ఏలుతుండగా కరువు వచ్చింది. అలాంటిలాంటి కరువా? కాకులు మూటాముల్లె కట్టుకుని వలసపోయాయి. తొండలు నీడ కోసం ఒకదాని కింద ఒకటి దూరాయి. అయినా రాజుగారి జాతర ఆగలేదు. అమ్మ ముందు రాగిసంగటి రాశి పోశారు. దాని వెనక పట్టపుటేనుగు నిలబడితే తొండం కొస కూడా అగపడలేదట! ముందు అమ్మకు, తరువాత రాజుకు, ఆపైన మంత్రులకు, భటులకు వడ్డన. పిల్లలు మాత్రం ముళ్లకంచె అవతల కాచుకోవాలి. వాళ్లదాకా వచ్చేది అడుగంటిన మాడు.

ఆ కంచె దగ్గర గొర్రెలన్నీ పోగొట్టుకున్న కాపరి ఓబుళక్క నిలబడి ఉంది. కొంగు పట్టుకుని కూతురు గంగి, చంకలో ఆకలికి మెడ నిలపలేని కొడుకు పుల్లయ్య. వాడి నోట్లో ముద్ద పడితే బతుకు, పడకపోతే ఆ పొద్దే ఆఖరు. తల్లికి ఆ సంగతి తెలుసు.

రాజు చెయ్యెత్తి చాటాడు: “వచ్చే జాతరకల్లా మా రాజ్యంలోని పేదబిడ్డల్లో సగంమంది ఆకలి తీరుస్తాం!”

డప్పులు దద్దరిల్లాయి. కవులు కర్ణుణ్ణి, శిబిని ఒక్క పద్యంలో రాజుగారి కాళ్లకు మొక్కించారు. ఓబుళక్కకు ఒళ్లు మండింది.

“సామీ, నాకిద్దురు బిడ్డలు. సగమంటే యా బిడ్డ? వేలు పెట్టి చూపీ!”

డప్పులు ఆగాయి. మంత్రి తిప్పరసు ఉరిమాడు. “నోరు ముయ్యవే! అందరికీ అని చాటి చేయలేకపోతే ప్రభువు మాట పోదా?”

“మాట పోతాదని ఇంత భయమే నీకు! నా బిడ్డ పోతాడని రవ్వంత లేదే! కానీలే, వీడు పోతే నీకే సులువు. ఒక నోరు తగ్గుతాది.”

రాజు తల దించుకున్నాడే కానీ మాట మార్చలేదు. నైవేద్యం ఎత్తి అమ్మ ముందు పట్టాడు. ఫెళ్లుమంది! ఆ చప్పుడు ఏడు కొండల అవతల వినబడింది. పెన్నలో నీళ్లుంటే అవీ ఆగిపోయేవే! రాతిమెడ గిర్రున తిరిగి, అమ్మ మొగం గోడవైపుకు పోయింది.

అందరూ కొయ్యబారిపోయారు. ఓబుళక్క ఒక్కతే కదిలింది. కాళ్లు చీరుకుపోతున్నా కంచె తొక్కుకుంటూ వచ్చి, అమ్మ తినని రాశిలో చెయ్యి పెట్టింది. భటులెత్తిన ఈటెలు తడిసిన తాళ్లలా వాలిపోయాయి. పుల్లయ్య ముద్ద మింగాడు. కళ్లు తెరిచి, “ఇంకా” అన్నాడు.

ఆ ఒక్క మాటకు రాజు మోకాళ్ల మీద కూలిపోయాడు. “అందరూ! ఒక్క బిడ్డా తప్పకుండా అందరూ! వచ్చే జాతరకు కాదు, ఈ పొద్దునుంచే!” ఆఖరి బిడ్డ తినేవరకు తాను తిననని ఒట్టు పెట్టుకున్నాడు. కిరీటం జారి మెడలో దండ అయ్యేంతగా చిక్కాడు. ఊరూరా పొయ్యి రాజేసే పని తిప్పరసుకే పడింది. చెన్నభూపతి ఉన్నన్నాళ్లూ ఈ సీమలో ఏ బిడ్డా పస్తు పడుకోలేదు. అమ్మ మొగం బెత్తెడు ఇటు తిరిగింది. తరువాత వచ్చిన ఏలికలు మళ్లీ సగాలు, పావులు మాట్లాడారు. ఆ మొగం మళ్లీ గోడకే పోయింది.

నేటికీ ఇక్కడ తొలి ముద్ద పిల్లలదే. ఎంతటి అధికారి వచ్చినా, నాయకుడు వచ్చినా అమ్మ ముందు “అందరూ” అని ప్రమాణం చేయాలి. ఆమధ్య ఒక పెద్దమనిషి “దశలవారీగా” అని నసిగితే డప్పులవాళ్లు డప్పులు బోర్లించి ఇళ్లకు పోయారు. పరాయిబిడ్డకు కడుపునిండా పెట్టి వచ్చినవారి కోరికను అమ్మ తప్పక వింటుందని పెద్దల మాట.

పిల్లలు తిన్నాక పూజారి రాతిబండ ఎక్కి నాలుగు దిక్కులకూ కేక వేస్తాడు: “తినని బిడ్డ ఇంకెవురన్నా ఉండారా?” బదులు రాకపోతేనే అమ్మకు నైవేద్యం.

ప్రతి ఏడాదీ ఏదో మూలనుంచి ఒక సన్నని గొంతు, “ఉండా” అంటూనే ఉంది.